ఎండ కూడా ఒక బరువే: వేసవిలో 50 కిలోమీటర్ల ట్రెయిల్ రేసుకు ఒక తయారీ

ఏప్రిల్ రెండో ఆదివారం, పొద్దున పదకొండు కావస్తోంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల మీద, ఆకు రాలిన టేకు చెట్ల మధ్య ఒకామె బండ మీద కూర్చుని వేలికున్న ఉంగరాన్ని తిప్పాలని చూస్తోంది. అది కదలడం లేదు. "పొద్దుగాల వదులుగనే ఉండె తమ్ముడూ" అంది. ఆ మాట నా చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. చేతిలో ఉన్న అర లీటరు సీసా ఇచ్చి "ఇంకిన్ని నీళ్ళు తాగక్కా" అన్నాను. తొమ్మిదేళ్ళ కోచింగ్‌లో నేను చేసిన అతి పెద్ద తప్పు అదే. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. ఆమె చదివి, సరేనన్న తర్వాతే బయటపెడుతున్నాను.

ఆమె వయసు 43, బరువు 61 కిలోలు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం, తార్నాక దగ్గర ఇల్లు. రోజూ తెల్లవారుజామున ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో పరుగెత్తుతుంది. అప్పటికి నాలుగు హాఫ్ మారథాన్‌లు, ఒక ఫుల్ మారథాన్ పూర్తి చేసింది. ఫుల్‌కు 4 గంటల 52 నిమిషాలు పట్టింది. ట్రెయిల్ మీద, అంటే కొండ, అడవి దారుల్లో మాత్రం ఎప్పుడూ పరుగెత్తలేదు. బీపీ, షుగర్ లేవు. పెట్టుకున్న లక్ష్యం జూన్ రెండో శనివారం పుణె దగ్గర సహ్యాద్రి కొండల్లో జరిగే 50 కిలోమీటర్ల రేసు. ఎక్కాల్సిన ఎత్తు మొత్తం కలిపి 1,900 మీటర్లు, గడువు 12 గంటలు. తయారీ ఫిబ్రవరి నడుమ మొదలైంది. అంటే మన ఎండాకాలమంతా అందులోనే ఇరుక్కుంది.

మొదటి ప్లాన్

మొదటి ప్లాన్ నేను చలికాలపు రేసులకు ఇచ్చేదే. వారానికి 40 కిలోమీటర్లతో మొదలై మూడు వారాలు పెంచడం, ఒక వారం తగ్గించడం. మార్చి ఆఖరుకు 58కి చేరాం. ఎండ సంగతి అడిగితే ఆమె నవ్వింది. "మాది పాలమూరు తమ్ముడూ, ఎండల పుట్టి ఎండల పెరిగినం." నాకూ ఆ మాట సబబుగానే తోచింది. అక్కడే మేమిద్దరం పొరబడ్డాం.

ఆమె దినచర్య ఒకసారి చూడండి. పడక గదిలో ఏసీ 22 దగ్గర. కారులో ఏసీ. బ్యాంకులో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఏసీ. రోజు మొత్తంలో ఆరుబయట గడిపేది తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు వరకు, అంటే ఆ రోజుకల్లా గాలి చల్లగా ఉండే గంట. చిన్నప్పుడు చెరువుగట్టు మీద ఎండలో ఆడిన సంగతి ఒంటికి గుర్తుండదు. ఒంటికి తెలిసేది గడిచిన రెండు మూడు వారాల్లో తగిలిన వేడి మాత్రమే. ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు వరుసగా వేడిలో శ్రమ కావాలి. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, దాంతో అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆ తర్వాత చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. వేడికి దూరమైతే రెండు మూడు వారాల్లో ఇందులో చాలా భాగం కరిగిపోతుంది. ఈ లెక్కన చూస్తే పాలమూరు బిడ్డ అయినా ఆమె ఒళ్ళు ఏప్రిల్‌లో ఊటీ నుంచి దిగినట్టే ఉంది.

ఆ ఆదివారం

లాంగ్ రన్ 26 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బయలుదేరడమే ఆలస్యమైంది, అనంతగిరిలో పరుగు మొదలయ్యేసరికి ఆరున్నర. ఎండాకాలంలో ఆ గంటన్నర ఆలస్యానికి ఎంత ఖరీదో అక్కడికి వెళ్ళినవాళ్ళకు తెలుసు. వానాకాలంలో పచ్చగా, నీడగా ఉండే ఆ అడవి ఏప్రిల్‌కు మోడు చెట్లుగా నిలబడుతుంది. దారంతా అప్పడాల్లా ఎండిన టేకు ఆకులు. కాలు పెడితే కింద రాయి ఉందో గుంత ఉందో తెలియదు. అందుకని పరుగు నడకలోకి దిగుతుంది, ఎండలో ఉండే సమయం పెరుగుతుంది.

నీళ్ళ షెడ్యూల్ నేను ఇచ్చిందే: దాహం వేసినా వేయకపోయినా పావుగంటకు 250 మి.లీ. ఆమె బ్యాంకు మనిషి, లెక్క తప్పదు. నాలుగున్నర గంటల్లో పద్దెనిమిది సార్లు తాగింది. అంటే నాలుగున్నర లీటర్లు. చివర్లో నేనిచ్చిన సీసాతో ఐదు. అన్నీ మామూలు నీళ్ళే.

మొదట తలనొప్పి అంది. తర్వాత ఉంగరం. చూస్తే వాచీ పట్టీ కూడా చర్మంలోకి దిగి ఉంది. ఆ తర్వాత వాంతి. ఆ వాంతి చూసి ఎండదెబ్బకు ఒంట్లో నీరు పోయిందని అనుకున్నాను. దారిలో "కారు ఏడ పెట్టినం?" అని అడిగింది. చెప్పాను. రెండు నిమిషాలకు మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు నాకు వెన్నులో వణుకు పుట్టింది, ఎందుకంటే అప్పటికి మేము కారులోనే కూర్చుని ఉన్నాం.

ఆస్పత్రిలో రక్త పరీక్ష చేస్తే సోడియం లీటరుకు 128 మిల్లీమోల్స్ వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. డాక్టరు గారు మామూలు సెలైన్ పెట్టలేదు. 3 శాతం గాఢత ఉన్న ఉప్పు సెలైన్‌ను 100 మి.లీ. ఎక్కించి, ఆగి చూసి, మళ్ళీ ఎక్కించారు. సాయంత్రానికి మాట స్పష్టమైంది. అక్కడ తూకం చూస్తే పరుగు బట్టలతో 62.3 కిలోలు. ఆ రోజు తెల్లవారుజామున ఇంట్లో చూసుకున్న బరువు 61.2. నాలుగున్నర గంటలు ఎండలో శ్రమపడిన మనిషి బరువు కిలో పెరిగిందంటే ఇక చెప్పేదేముంది? ఒంట్లో నీరు తగ్గలేదు, ఎక్కువైంది. రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు కణాల్లోకి నీరు చేరడం మొదలైంది. నేనిచ్చిన ఆఖరి సీసా ఆ దారిలో ఇంకో అడుగు ముందుకు తోసింది.

దీన్ని అంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన దగ్గర ఎండాకాలం పరుగంటే ప్రతి ఒక్కరూ చెప్పే సలహా ఒకటే: నీళ్ళు బాగా తాగు. ఆ మాటే ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చింది. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి దాహం వేస్తుంది, నోరు ఎండుతుంది, మూత్రం ముదురు రంగులో కొద్దిగా వస్తుంది, బరువు తగ్గుతుంది. నీరు ఎక్కువైన మనిషికి వేళ్ళు ఉబ్బుతాయి, తలనొప్పి, వికారం వస్తాయి, బరువు పెరుగుతుంది. వాంతి, తల తిరగడం రెండింట్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని చూసి నిర్ణయానికి రాకూడదు. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే మాత్రం అది వడదెబ్బ కావచ్చు. అప్పుడు ముందు చల్లటి నీళ్ళలో ముంచి ఒళ్ళు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి. ఆ రోజు నుంచి నా బండిలో పెద్ద టబ్బు, నిండుగా ఐసు, ఒక తూకం మిషన్ లేకుండా ఏ లాంగ్ రన్‌కూ బయలుదేరడం లేదు.

తూకం

రెండు వారాలు పూర్తి విశ్రాంతి. డాక్టరు సరేనన్నాక ఏప్రిల్ ఆఖర్లో మళ్ళీ మొదలుపెట్టాం. మొదటి పని చెమట లెక్క. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. మూత్రానికి వెళ్ళి వచ్చి, బట్టలు లేకుండా బరువు చూసుకోవాలి. గంట పరుగెత్తాలి. మధ్యలో తాగిన నీళ్ళు కొలిచి తాగాలి. వచ్చాక తువ్వాలుతో ఒళ్ళు శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ బరువు చూసుకోవాలి. తగ్గిన బరువుకు తాగిన నీళ్ళు కలిపితే చెమట.

ఆమెది తెల్లవారుజామున ఐదింటికి, 26 డిగ్రీలలో: ముందు 61.4, తర్వాత 60.9, తాగింది 200 మి.లీ. అంటే గంటకు 0.7 లీటరు. పొద్దున ఎనిమిదిన్నరకు, 34 డిగ్రీలలో: ముందు 61.3, తర్వాత 60.5, తాగింది 300 మి.లీ. అంటే 1.1 లీటరు. మనిషీ అదే, వేగమూ అదే, మూడున్నర గంటల తేడాలో చెమట సగానికి పైగా పెరిగింది. "గంటకు ఇన్ని నీళ్ళు" అని ఒకే అంకె రాసిచ్చే ప్లాన్ ఎందుకు పనికిరాదో ఈ రెండు కొలతలే చెప్పేశాయి.

మొదటి అంకె నమ్మదగ్గదేనా అని కూడా చూశాను. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 61 కిలోల మనిషి గంటకు 8 కిలోమీటర్లు పరుగెత్తితే 490 కేలరీలు. అందులో నాలుగింట మూడు వంతులు, దాదాపు 370, వేడిగానే బయటికి పోవాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. కాబట్టి 0.64 లీటరు చాలు. తూకం చెప్పిన 0.7కి ఇది దగ్గరగా ఉంది. ఎండెక్కాక పెరిగిన తక్కినదంతా సూర్యుడిది, వేడి గాలిది. గాలి 35 డిగ్రీలు దాటితే అది చర్మం కన్నా వేడిగా ఉంటుంది. అప్పుడు గాలి వీస్తే హాయిగా ఉండదు, ఒంటికి ఇంకా వేడి ఎక్కిస్తుంది. వడగాలి అని మన పెద్దవాళ్ళు అన్నది దీన్నే.

పొడి వేడిలో ఇంకో మోసం ఉంది. చెమట పట్టినట్టే తెలియదు, అప్పటికప్పుడు ఆరిపోతుంది. అనంతగిరిలో ఆమె చొక్కా చివరిదాకా పొడిగానే ఉంది. నల్ల టోపీ అంచున మాత్రం ముగ్గు గీసినట్టు తెల్లటి ఉప్పు చారలు. ఆ టోపీ ఇప్పటికీ ఉతక్కుండా నా దగ్గరే ఉంది, కొత్తవాళ్ళకు చూపిస్తుంటాను.

నీళ్ళ విషయంలో కొత్త నియమం ఒక్కటే: దాహం వేస్తే తాగాలి, గంటకు చెమట లెక్కను మించకూడదు. ఒక సీసాలో ఓఆర్‌ఎస్, ఒక సీసాలో మామూలు నీళ్ళు. ఓఆర్‌ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండే మందుల షాపు ప్యాకెట్టు. అట్టపెట్టెల్లో వచ్చే తీపి రసాలు దీనికి పనికిరావు. కొబ్బరి నీళ్ళ మీద ఆమెకు గొప్ప నమ్మకం. మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. అందుకని కొబ్బరి బోండాం పరుగయ్యాక, ఉప్పేసిన మజ్జిగతో పాటు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఉప్పు తీసుకుంటున్నాను కదా అని నీళ్ళు అతిగా తాగితే అదే ప్రమాదం మళ్ళీ వస్తుంది. అసలు జబ్బు నీళ్ళు ఎక్కువ కావడం.

ఆమె తనకు తానే ఇంకో కొలత కనిపెట్టుకుంది. వాచీ పట్టీ. మూడో రంధ్రంలో పెడితే చిటికెన వేలు పడుతుంది. పట్టకపోతే తాగడం ఆపాలి.

ఎండను మోతాదుగా ఇవ్వడం

మే 1 నుంచి 12 దాకా, కర్తరి ఎండలు మొదలయ్యే రోజుల్లో, కాళ్ళకు ఇచ్చే పని, ఒంటికి ఇచ్చే వేడి రెండూ విడదీశాం. కాళ్ళ పనంతా తెల్లవారుజామున నాలుగున్నరకు. వేడి మోతాదు పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది లోపు, క్యాంపస్‌లోనే, గుండె వేగం 135 దాటకుండా నడక, మెల్లటి పరుగు. మొదటి మూడు రోజులు 30 నిమిషాలు, ఆపైన 45, చివరికి 60. ఇందుకు బ్యాంకులో పది రోజులు సెలవు పెట్టింది. పడక గది ఏసీని 22 నుంచి 27కి మార్చింది. వారం మొత్తం కిలోమీటర్లు 58 నుంచి 38కి తగ్గించాను. ఇంతకుముందైతే ఆ తగ్గుదల చూసి నేనే కంగారుపడేవాణ్ణి. కానీ ఎండలో గంట కూడా ఒక బరువే. ఆ బరువును లెక్కలో వేసినప్పుడు పక్కనున్న ఇంకో బరువు దించాల్సిందే.

ఈ మోతాదు కాక, కొలత కోసం విడిగా రోజూ అదే చుట్టు, అదే వేగంతో ఐదు కిలోమీటర్లు. మొదటి రోజు గుండె వేగం సగటు 152. ఐదో రోజు 145. పదకొండో రోజు 139. ఎనిమిదో రోజు మాత్రం ఉన్నట్టుండి 149కి ఎగబాకింది. నిద్ర తక్కువైందా, జ్వరమా అని నేను ఆరా తీస్తుంటే, కాసేపు ఆగి, నెలసరి దగ్గరపడిందని చెప్పింది. అండం విడుదలైన తర్వాతి రోజుల్లో ఒంటి ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీ దాకా పెరిగి ఉంటుంది. ఎండలో అది చిన్న తేడా కాదు. ఇంతమంది ఆడవాళ్ళకు కోచింగ్ ఇస్తూ నా షీట్‌లో ఆ గడి ఒకటి పెట్టలేదు. ఇప్పుడు ఉంది, చెప్పడం చెప్పకపోవడం వాళ్ళ ఇష్టం.

వాతావరణ శాఖ వడగాలుల హెచ్చరిక ఇచ్చిన రెండు రోజులూ మోతాదు రద్దు చేశాం. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40కి చేరి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు పైకి పోతే వడగాలులంటారు. అలాంటి రోజు అలవాటు చేసుకోవడానికి తగింది కాదు.

దిగుడు సాధనకు మౌలాలి గుట్ట మెట్లు వాడుకున్నాం. ట్రెయిల్ రేసులో తొడలను చంపేది ఎక్కుడు కాదు, దిగుడు. కండరం సాగుతూ బరువు మోయాల్సి వస్తుంది. మొదటిసారి ఆరు చుట్లకే నాలుగు రోజులు బ్యాంకు మెట్లు రైలింగ్ పట్టుకుని దిగింది. మూడో వారం ఎనిమిది చుట్లు చేసి మర్నాడు మామూలుగా నడిచింది. ఈ సాధన సాయంత్రం పెట్టి ఒకసారి దెబ్బతిన్నాం. గుట్ట నల్లరాయి పగలంతా ఎండను తాగి రాత్రి ఎనిమిది దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. గాలి 33 చూపిస్తోంది, రాయి మీద చెయ్యి ఆనిస్తే పొయ్యి దించిన పెనంలా ఉంది. అప్పటి నుంచి గుట్టలన్నీ తెల్లవారుజామునే.

అనంతగిరికి మే మూడో వారంలో తిరిగి వెళ్ళాం. ఈసారి నాలుగింటికల్లా తారు రోడ్డు మీద మొదలుపెట్టి, బాగా తెల్లవారాకే అడవి దారిలోకి. ఎండుటాకుల్లో రక్తపింజరి పడుకుంటే పగలే కనపడదు, హెడ్‌ల్యాంప్ వెలుగులో అసలు కనపడదు. తొమ్మిదికల్లా ముగించాం. వికారాబాద్ రోడ్డు పక్కన ముంజలు కొట్టిస్తుంటే ఆమె ఆ బండ వైపు చూసి ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తిండి

ఎండలో రక్తం చర్మం వైపు పరుగు తీస్తుంది, కడుపుకు మిగిలేది తక్కువ. అందుకే చలికాలంలో అరిగిన జెల్ (పరుగు మధ్యలో మింగే తీపి గుజ్జు) మే నెలలో వాంతవుతుంది. ఆమెకు తీపి అసలు దిగలేదు. చివరికి పనికొచ్చింది పులిహోర. నిమ్మకాయంత ముద్దలు చేసి, నూనె, తాలింపు తగ్గించి, ఉప్పు కాస్త ఎక్కువ వేసి, అరిటాకు ముక్కల్లో చుట్టుకుంది. చింతపండు పులుపు నోట్లో నీళ్ళూరిస్తుంది, ఎండిన గొంతులో ముద్ద జారుతుంది. వాటితో ఖర్జూరాలు, పల్లీ చిక్కీ. గంటకు 25 గ్రాముల పిండి పదార్థంతో మొదలై ఆరు వారాల్లో 50కి చేర్చాం. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్ లాంటివి, సంచిలోంచి తీయించేశాను. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాల మీద పడతాయి.

రోహిణి, ఆపైన రేసు

మే 25న రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఆ రెండు వారాలూ లాంగ్ రన్‌ను రెండుగా విరిచాం: శనివారం తెల్లవారుజామున మూడు గంటలు, ఆదివారం రెండున్నర. రెండో రోజు బరువెక్కిన కాళ్ళతో బయలుదేరడం వల్ల ఐదున్నర గంటల పనికి దగ్గరగా దక్కింది, నడి ఎండ తప్పింది. వేడి మోతాదు మాత్రం పూర్తిగా ఆపలేదు. మూడు రోజులకొకసారి 40 నిమిషాలు, రేసుకు మూడు రోజుల ముందు దాకా. మే నడుమ మళ్ళీ చెమట కొలిస్తే ఎనిమిదిన్నర ఎండలో గంటకు 1.25 లీటరు వచ్చింది. చెమట పెరగడం ఒళ్ళు నేర్చుకుంటోందనడానికి గుర్తు.

మృగశిర ప్రవేశించాక రేసు. పుణె కొండల్లో అప్పటికే మబ్బులు కమ్మాయి. పొద్దున ఐదింటికి 25 డిగ్రీలే, కానీ గాలి తడిబట్టలా ఉంది. ఈ ముప్పు ముందే మాట్లాడుకున్నాం. మధ్యాహ్నానికి గాలిలో తేమ 25, 30 శాతానికి పడిపోయే హైదరాబాద్‌లో సిద్ధమైన ఒంటికి గుండె తేలికపడటం, చెమట ముందుగా పట్టడం ఇక్కడా పనికొస్తాయి. కానీ కారిన చెమట ఆవిరి కాకపోతే చల్లదనం ఉండదు. అందుకని వేగం సంగతి మరిచిపోయి, ఎక్కుడులో గుండె వేగం 145 దాటితే నడవాలని ఒప్పందం. మొదటి ఎక్కుడులోనే నడిచింది. ఆమెను దాటిపోయినవాళ్ళలో పదకొండు మందిని 30 కిలోమీటర్ల తర్వాత తాను దాటానని వచ్చాక లెక్క చెప్పింది.

38వ కిలోమీటరు దగ్గర నేను ఎదురుచూస్తున్నాను. వస్తూనే మణికట్టు చూపించింది. పట్టీ ఒక రంధ్రం వదులై, రెండోదానిలో ఉంది. దారిలో రెండు నీళ్ళ స్టాళ్ళలో పిల్లలు ప్రేమగా గ్లాసులు అందిస్తుంటే కాదనలేక తాగిందట. తలనొప్పి లేదు, వికారం లేదు, మాట స్పష్టంగా ఉంది. నేను అందించబోయిన సీసా వైపు చూసి, "ఇప్పుడొద్దు తమ్ముడూ, దాహం అయినంక" అంది. ఒక పులిహోర ముద్ద తీసుకుని వెళ్ళిపోయింది. 50 నిమిషాల పాటు ఒక్క చుక్క తాగలేదు, మధ్యలో మూత్రానికి వెళ్ళింది, 43వ కిలోమీటరుకు పట్టీ మళ్ళీ మూడో రంధ్రంలోకి వచ్చింది.

10 గంటల 51 నిమిషాల్లో పూర్తి చేసింది. బయలుదేరేటప్పుడు 61.5 కిలోలు, ముగించాక 60.2. రెండు శాతం తగ్గుదల, అంతే ఉండాలి. ఎడమకాలి బొటనవేలి గోరు నల్లబడింది. వేడికి పాదం ఉబ్బుతుందని తెలిసి కూడా అర సైజు పెద్ద బూట్లు తీసుకోమని చెప్పడం మరిచాను.

ఈ ఫిబ్రవరిలో మళ్ళీ మొదలుపెట్టాం. కొత్త నోటుపుస్తకంలో గడులు తనే గీసింది: తేదీ, వేళ, ఉష్ణోగ్రత, ముందు బరువు, తర్వాత బరువు, తాగిన నీళ్ళు, పట్టీ రంధ్రం, నెలసరి రోజు. కిలోమీటర్లు ఆఖరి గడిలో ఉన్నాయి. ఉంగరం పరుగుకు వచ్చే రోజుల్లో ఇంట్లో దేవుడి గూట్లో ఉంటుందట.